తొడుగు తీసిన చెయ్యి

ఫిబ్రవరి 11

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. జవాబు లేదని మీ ఆవిడ దగ్గర నా మీద నిష్ఠూరాలాడుతూ ఉంటావు. ఆడుకో. ఇక్కడ మైదానంలో మూడు రోజులు వరసగా పాట కచేరీలు. రోజుకి పదిహేను వేల మంది. వాళ్లు విని, తిని, ఇళ్లకి పోయారు. తినగా పారేసింది మాత్రం మా ఏడుగురి బల్ల మీదికి వచ్చింది.

ఉత్తరాలెందుకు, ఫోను చెయ్యొచ్చుగా అని మళ్లీ రాశావు. లౌడుస్పీకర్ల పక్కన ఆరేళ్లు ఊడ్చినదాన్ని నేను. నువ్వు ‘తిన్నావా’ అంటే నేను ‘విన్నాను’ అంటాను. నువ్వు అరుస్తావు. మీ ఎరువు యార్డంతా మన ఇంటి కబుర్లు వింటుంది. కాగితం మీదైతే నువ్వెంత అరిచినా గొడవ లేదు.

జనం ముందు మూడు డబ్బాలు పెట్టాం. పచ్చది తిండి మిగుళ్లకి, నీలంది సీసాలకీ కాగితాలకీ, నల్లది దేనికీ పనికిరానివాటికి. పక్కన బొమ్మలు కూడా వేయించాం. అయినా చేతిలో కప్పు పట్టుకుని వచ్చినవాడు పరీక్ష హాల్లో కూర్చున్నవాడిలా తెల్లమొహం వేస్తాడు. వెనక వరస పెరుగుతుంది. చివరికి ఏ మూత తెరిచి ఉంటే దాంట్లో పడేసి జారుకుంటాడు. అందుకే వెనక గోడ పక్కన మా బల్ల. డబ్బాలు బోర్లించడం, మళ్లీ ఏరడం.

రెండో రోజు కాగితం రుమాల్లో చుట్టిన పళ్ల సెట్టు దొరికింది. పైవరస మొత్తం. నిచ్చెనమ్మ దాన్ని పట్టుకుని మైదానమంతా పరుగెత్తింది. నిచ్చెనమ్మంటే నా పక్కన నిలబడే పొడుగామె. ఆవిడ భర్త గేటు ఎదుట గొడుగులు బాగుచేస్తాడు. ఒక పెద్దాయన పెదాలు బిగించుకుని బెంచీ మీద కూర్చుని కనపడ్డాడట. ‘మీవేనా’ అంటే తలాడించాడే గానీ నోరు తెరవలేదట. ‘మీరు నోరు తెరవకపోతేనే తెలిసిందిలెండి’ అని ఇచ్చేసి వచ్చింది. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం.

నవ్వానని రాస్తుంటే నాకే వింతగా ఉంది. మీ బావ పోయాక నాలుగు నెలలు మంచం దిగలేదు నేను. దింపింది ఈ బల్ల. ఇంట్లో ఏది చూసినా ఎక్కడ పెట్టాలో తోచని రోజుల్లో, ఇక్కడ మాత్రం చేతికొచ్చిన ప్రతిదానికీ ఒక చోటుండేది.

మా పచ్చ లోడు మీ యార్డుకే కదా వచ్చేది. కుప్పలు తిరగేసే యంత్రం నడిపేవాడివి నువ్వే. మంచి ఎరువవుతోందా? మా మేనేజరు చెబితే నమ్మను. నువ్వు చెప్పు.

మరదలి మోకాలు ఎలా ఉంది? పిల్లని చదువుకోమను.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. పళ్ల సెట్టు దగ్గర ఎంత నవ్విందంటే మోకాలి నొప్పి మర్చిపోయి లేచి నిలబడింది. మళ్లీ కూర్చోబెట్టడానికి నేనూ పిల్లా ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

మీ లోడు వచ్చింది. మూడు లారీలు. యార్డులో వాళ్లంతా చూసి, ఎవరు ఏరారయ్యా ఇంత శుభ్రంగా అన్నారు. మా అక్క అన్నాను. మూడు లారీల్లో కలిపి రెండే రెండు ప్లాస్టిక్ చెంచాలు దొరికాయి. తక్కినవాళ్ల లోడ్లలో చెప్పుల దగ్గర నుంచి చాపల దాకా వస్తాయి. మీది బాగుంది అక్కా. మంచి ఎరువవుతుంది.

మా యంత్రం ముసలిదైపోయింది, దాని సణుగుడు దానిది. పిల్లకి వచ్చే నెల పరీక్షలు. పుస్తకం ముందు కూర్చుంటుంది, చదువుతోందో లేదో పుస్తకానికే తెలియాలి.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఎండలో ఎక్కువసేపు నిలబడకు.

నీ తమ్ముడు


మార్చి 15

చిన్నోడా,

నీ ఉత్తరం బల్ల దగ్గర అందరికీ చదివి వినిపించాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎవరు ఏరారయ్యా అన్నారట అన్నచోట ఆపమని మళ్లీ చదివించుకున్నారు. మేనేజరు కూడా వచ్చి విన్నాడు.

తరవాత మొదలైంది గొడవ. ఆ రెండు చెంచాలు ఎవరి చేతిలోంచి జారాయి? ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. నిచ్చెనమ్మ, ‘ఒకటి నాదే అయ్యుంటుంది, నా చెయ్యి పొడుగు, చూపు పొట్టి’ అని ఒప్పేసుకుంది. రెండోది ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి నా మీద వేసుకున్నాను. పెద్దదాన్ని కదా.

మొన్న పుస్తకాల ప్రదర్శన అయిదు రోజులు జరిగింది. ఈసారి ఒక్క చెంచా కూడా పోకూడదని గట్టిగా అనుకున్నాం. ఈ ప్లాస్టిక్ కవర్లున్నాయి చూడు, వాటి ముక్కలతోనే చిక్కు. మాకిచ్చిన తొడుగులు మందం. తడి తిండిలో పల్చటి ముక్క వేలికి తగలదు. అందుకని కుడిచేతి తొడుగు తీసేసి వెతకండర్రా అన్నాను. ముందు తీసింది నిచ్చెనమ్మే. మూతి కట్టిన సంచులు కూడా విప్పి చూశాం. మామూలుగా అవి విప్పకుండా నల్లదాంట్లో వేసేస్తాం. చెయ్యి కడుక్కుంటే పోతుంది, భూమిలో పడ్డ ప్లాస్టిక్ పోదు కదా.

ఇప్పుడు అసలు సంగతి. మేమందరం మీ యార్డు చూడాలనుకుంటున్నాం. వచ్చే నెల రెండో వారం మైదానంలో ఏమీ లేదు. లారీ డ్రైవరు మమ్మల్ని ఎక్కించుకుంటానన్నాడు. మేం ఏరింది మట్టెలా అవుతుందో ఒక్కసారి కళ్లతో చూస్తాం. పిడికెడు పట్టుకుని వాసన చూడాలని నిచ్చెనమ్మ కోరిక. ఆవిడ భర్త పెరట్లో రెండు మొక్కలున్నాయట, వాటికి ఎరువు ఎంత వెయ్యాలో నిన్నడుగుతుందట.

ఏ రోజు రమ్మంటావో రాయి. ఏడుగురం. మా తిండి మేమే తెచ్చుకుంటాం, మరదల్ని కంగారుపడొద్దను.

అక్క


మార్చి 24

అక్కా,

యార్డులోకి బయటివాళ్లని రానివ్వడం లేదు. రూలు. సూపరింటెండెంటు చాలా కచ్చితం మనిషి. పైగా ఇప్పుడు ఎండలు, ఈ కంపు మీరు తట్టుకోలేరు. వానలు పడ్డాక చూద్దాం.

తొడుగులు మాత్రం తియ్యొద్దు. ఎవర్నీ తియ్యనివ్వొద్దు. మూతి కట్టిన సంచులు విప్పొద్దు. రెండు చెంచాలు ఉంటే కొంపలేం మునగవు. అంత పట్టింపు అక్కర్లేదు అక్కా. ఏదో మామూలుగా చెయ్యండి చాలు.

పిల్ల పరీక్షలు మొదలయ్యాయి. మీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది.

నీ తమ్ముడు


ఏప్రిల్ 9

తమ్ముడికి,

కంపు మేం తట్టుకోలేమా? ఆ కంపు నీ దగ్గరికి పంపేది మేమేరా.

డ్రైవర్ని అడిగాను. ‘బయటివాళ్లని రానివ్వరటగా’ అంటే అతను నా మొహంలోకి చూసి, ‘ఎవరు చెప్పారమ్మా, పోయినేడు బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి చూపించారుగా’ అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగిపోయి లారీ ఎక్కేశాడు. నాకు అర్థమైంది. బడిపిల్లలు రావచ్చు. అక్క రాకూడదు.

నీకు చిన్నతనంగా ఉంటే ఆ మాట చెప్పు. ఏడుగురు ఆడవాళ్లు, ఎంగిలి ఏరుకునేవాళ్లు, లారీ వెనక దిగి ‘ఫలానావాడు మా తమ్ముడు’ అంటే నీ తోటివాళ్ల ముందు తల కొట్టేసినట్టుంటుంది. లేకపోతే మరదలికి ఇష్టం లేదా? చుట్టాలు ఇల్లు చూడటానికి వస్తున్నారు గానీ ఆస్తి పంచుకోవడానికి కాదని చెప్పు.

‘పట్టింపు అక్కర్లేదు, మామూలుగా చెయ్యండి’ అన్నావు. నిన్ను చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చొక్కా గుండీలు మామూలుగా పెట్టి పంపానా? ఆ ముక్క వాళ్లకి చదవలేదు. యార్డులో మరమ్మతులు జరుగుతున్నాయట, తరవాత రమ్మన్నాడని చెప్పాను. నిచ్చెనమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. అయినా ‘పోనీలే అక్కా, పని బాగా చేస్తే వాళ్లే పిలుస్తారు’ అంది.

అదీ మేం అనుకున్నది. పిలవకపోతే మానె. పని మాత్రం తగ్గించం.

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

మీ మరదలిని ఏమీ అనకు. దానికి ఈ సంగతులేవీ తెలియవు.

నాకు సిగ్గుగా ఉన్న మాట నిజమే. నీ గురించి కాదు. అంతకంటే ఇప్పుడు రాయలేను. నువ్వేమనుకున్నా పడతాను.

తొడుగులు వేసుకోండి.

నీ తమ్ముడు


మే 26

చిన్నోడా,

నీతో మాట్లాడకూడదనుకున్నాను. నెల పైన పంతం పట్టుకుని ఉన్నాను కూడా. కానీ ఇది నీకు కాక ఎవరికి చెప్పుకోను?

పదిహేడో తారీఖున మైదానంలో పరుగుపందేలు. మధ్యాహ్నానికి మా బల్ల నిండిపోయింది. నిచ్చెనమ్మ ఒక మూతి కట్టిన సంచి విప్పి చెయ్యి పెట్టింది. లోపల మెత్తటి తిండి, దాని అడుగున పగిలిన గాజు గ్లాసు. బొటనవేలి కిందినుంచి మణికట్టు దాకా తెగింది. రక్తం చూసి నేను అరిచాను. ఆవిడ అరవలేదు. ఇంకో చేత్తో ఆ గాజుముక్కలు ఏరి నల్లదాంట్లో వేసి, ‘ఇది పచ్చదాంట్లో పోయుంటే మీ తమ్ముడి యంత్రానికి గుచ్చుకునేది’ అంది.

కడిగాం, గుడ్డ కట్టాం. ఆసుపత్రికి పద అంటే ‘కోసుకుంటే ఆసుపత్రేంటి’ అని నవ్వింది. నేనూ ఊరుకున్నాను. మర్నాడు పనికొచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆ చేతిని కొంగు చాటున పెట్టుకునే ఉంది. అయిదో రోజు బల్ల దగ్గర కూలబడితే కొంగు తీసి చూశాను. మోచేతి దాకా వాచి నల్లబడింది. ఒళ్లు కాలిపోతోంది.

ఆసుపత్రిలో చేర్పించాం. విషం రక్తంలోకి ఎక్కిందట. చెయ్యి తీసేయాలన్నారు. నిన్న తీసేశారు. మోచేతి పైదాకా.

ఆవిడ భర్త వరండాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరిదో సగం బాగుచేసిన గొడుగు ఆయన చేతిలోనే ఉండిపోయింది, అలాగే పట్టుకుని వచ్చేశాడు పాపం. నన్ను చూసి ‘తొడుగులు ఇస్తారు కదమ్మా మీకు’ అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టు.

ఇస్తారు అన్నాను. 

మొన్న కోపంలో ఏదేదో రాశాను. మనసులో పెట్టుకోకు. రెండు మాటలు రాయి.

అక్క


జూన్ 2

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. చదివాక మళ్లీ యంత్రం ఎక్కలేకపోయాను. ఆరోగ్యం బాగాలేదని చెప్పి ఇంటికి వచ్చేశాను.

నేను రానా? ఏ మందులు కావాలో రాయి. పెద్దాసుపత్రికి మార్చాలంటే మీ మరదలి తమ్ముడు అక్కడే పనిచేస్తున్నాడు, చెబుతాను.

కొన్నాళ్లు ఆ ఏరడం ఆపెయ్యండి అక్కా. అందరూ ఆపెయ్యండి. నేను ఎందుకు చెబుతున్నానో తరవాత చెబుతాను. ముందు ఆపెయ్యండి. ఆవిడ కోలుకున్నాక అన్నీ కూర్చుని మాట్లాడుకుందాం.

నీ తమ్ముడు


జూన్ 18

చిన్నోడా,

నిచ్చెనమ్మ పోయింది. పదమూడో తారీఖు పొద్దున.

నువ్వు రావద్దు. రావాల్సినవాళ్లందరూ వచ్చి వెళ్లారు. మేనేజరు వచ్చి నిలబడ్డాడు, మైదానం తరఫున ఏదో కాగితం చదివాడు, మాకెవరికీ వినపడలేదు. నాకైతే వినపడకపోవడం ఎప్పుడూ ఉన్నదే. ఆ రోజు చెవులున్నవాళ్లకీ వినపడలేదట.

పోవడానికి రెండు రోజుల ముందు తెలివొచ్చింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. నా చెవి దగ్గర నోరు పెట్టి, ‘ఈసారి లోడులో చెంచాలు ఎన్నొచ్చాయక్కా? మీ తమ్ముడు ఏం రాశాడు?’ అంది. నువ్వు దాని సంగతేమీ రాయలేదు. ఏం చెప్పను? ‘ఒక్కటీ లేదని రాశాడు’ అన్నాను. ఎంత సంతోషపడిందో. లేని చెయ్యి ఎత్తబోయింది. భుజం కదిలింది అంతే.

నీ పేరు మీద అబద్ధమాడాను. ఏమీ అనుకోవుగా?

పని ఆపెయ్యమన్నావు. ఆపలేదు. ఆవిడ దేనికోసం పోయిందో అది ఆపేస్తే ఆవిడ ఉత్తినే పోయినట్టవుతుంది కదరా.

ఒక్క సాయం చెయ్యాలి నువ్వు. ఆవిడ భర్త అడిగాడు. నేనడిగించలేదు, ఆయనే అన్నాడు. ఫిబ్రవరి లోడు ఈపాటికి ఎరువైపోయుంటుంది కదా, ఒక్క సంచి తెప్పించి పెట్టండమ్మా, ఆ రెండు మొక్కల మొదట్లో వేసుకుంటాను, ఆవిడ చేత్తో ఏరింది కదా అన్నాడు. కాదనకు. సూపరింటెండెంటు కచ్చితం మనిషైతే నా పేరు చెప్పి నేను రాసిన ఈ ఉత్తరం చూపించు. డ్రైవరు తెస్తానన్నాడు. ఒక్క సంచి చాలు.

అక్క


జూన్ 25

అక్కా,

కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేనప్పుడు చదువు.

సంచి పంపలేను. ఎరువు లేదు. ఫిబ్రవరి లోడు ఎరువవలేదు. మీ లోడు ఏదీ అవలేదు, పోయిన అక్టోబరు నుంచి.

కుప్పలు తిరగేసే యంత్రం అక్టోబరులో విరిగిపోయింది. కొత్తది తెప్పిస్తామన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెబితే మైదానాలవాళ్లు లోడ్లు పంపడం మానేస్తారని. నన్ను బుల్‌డోజరు మీద కూర్చోబెట్టారు. అప్పటినుంచి పచ్చ లోడూ నల్ల లోడూ ఒకే గోతిలోకి పోతున్నాయి. తోసేది నేనే అక్కా.

మీ మైదానం లారీ తలుపు తెరిస్తే నాకు దూరం నుంచే తెలిసిపోతుంది. దాని వాసనే వేరు. ఒట్టి తిండి వాసన, పండ్ల తొక్కల వాసన. ఎండ పడినా ఆ కుప్పలో ఒక్క ప్లాస్టిక్ ముక్కా మెరవదు. కావాలని దిగి చూశాను ఒకసారి. కాలితో కెలికాను. ఏదైనా చెత్త ఉంటే బాగుండునని వెతికాను, ఉంటే తొయ్యడం తేలికవుతుందని. ఏమీ లేదు. ఎక్కి తోసేశాను.

రెండు చెంచాలన్నది నేను లెక్కపెట్టింది కాదు. ఒక్కటీ లేదంటే నమ్మవని రెండన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, బావ పోయాక మంచం పట్టినదానివి ఈ పనితో లేచావు. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు మీ మరదలు ఏడ్చింది, వదిన మళ్లీ నవ్వుతోందని. ఆ నవ్వు మీద మట్టి తొయ్యలేకపోయాను. నెలలో యంత్రం వస్తుంది, అప్పుడు అబద్ధం నిజమైపోతుంది అనుకున్నాను. ప్రతి నెలా అదే అనుకున్నాను. మీరు చూడటానికి వస్తానన్నప్పుడు భయమేసింది. నేను నీ గురించి సిగ్గుపడుతున్నానని నువ్వనుకుంటే, సరే, అదే అనుకోనీ అని ఊరుకున్నాను. అది తేలికనిపించింది.

సంచి గురించి రాసింది చూసి మొక్కల నర్సరీకి వెళ్లాను. ఒక సంచి కొన్నాను కూడా. మీ మరదలు చూసి ఇదెందుకంటే మొత్తం చెప్పేశాను. అది ఒక్క మాట అంది. ‘ఆయన దాన్ని భార్య ఏరిందే అనుకుని చేత్తో తాకుతాడండీ’ అంది. ఆ సంచి గుమ్మం బయటే ఉంది. పంపలేదు.

నేను ఆ చెంచాల మాట రాయకపోతే మీరు తొడుగులు తీసేవాళ్లు కాదు. రోజూ అదే తిరుగుతోంది నా బుర్రలో. నన్ను ఏమన్నా అను. రాసి అను. చించెయ్యకుండా దాచుకుంటాను.

నీ తమ్ముడు


ఆగస్టు 4

అక్కా,

ఇది మూడో ఉత్తరం. నువ్వు చదువుతున్నావో లేదో తెలియదు.

మీ మేనేజరుకి నా పేరుతోనే ఉత్తరం రాశాను, యార్డులో ఏం జరుగుతోందో. ఇంకో నాలుగు మైదానాలవాళ్లకీ రాశాను. సూపరింటెండెంటు పిలిచి, ‘తిన్నింటి వాసాలు లెక్కపెడతావా’ అన్నాడు. పచ్చ లోడు నేను తొయ్యను అన్నాను. బుల్‌డోజరు మీదినుంచి దింపేశారు. గేటు దగ్గర కూర్చోబెట్టారు. రోజంతా చేసేదేమీ లేదు. లారీలు లోపలికి పోవడం చూస్తూ కూర్చుంటాను. ఇప్పుడు తోసేవాడు ఇంకొకడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, తెలుసు.

పిల్ల అడుగుతోంది, అత్త ఉత్తరం రాలేదేమని.

ఒక్క కార్డు ముక్క. ఒంట్లో బాగానే ఉందని. అంతే.

నీ తమ్ముడు


అక్టోబరు 6

చిన్నోడా,

ఈ పిలుపు రాయడానికి మూడు నెలలు పట్టింది. రెండుసార్లు ‘తమ్ముడికి’ అని మొదలుపెట్టి చించేశాను.

పక్కన ఎవరూ లేనప్పుడు చదవమన్నావు. నీ ఉత్తరాలు ఎప్పుడూ బల్ల దగ్గరే విప్పుతాను కదా. ‘సంచి ఎప్పుడు పంపుతున్నాడట?’ అని అందరూ మూగారు. మొదటి ముక్క పైకి చదివేశాను. ‘కూర్చుని చదువు.’ వాళ్లు నవ్వారు. రెండో ముక్క దగ్గర ఆగాను. ఆగేసరికి వాళ్ల నవ్వూ ఆగింది. ఇంక దాచడం నా వల్ల కాలేదు. చివరిదాకా చదివాను. నిలబడే చదివాను.

అందరికంటే చిన్నది తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఇంకో ఆమె వెనకే వెళ్లింది. ఆమె నాలుగు రోజుల తరవాత తిరిగొచ్చింది. చిన్నది రాలేదు. ఎక్కడో బట్టల దుకాణంలో చేరిందట. మంచిదే.

నిన్ను తిట్టుకున్నాను. నా తమ్ముడు కాదనుకున్నాను. మీ బావ పోయినప్పుడు పెట్టని శోకాలు ఇప్పుడు పెట్టాను. బూడిదలో పోసిన పన్నీరంటారు చూడు, దానికైనా కాసేపు వాసనుంటుంది.

నెల తరవాత గొడుగులాయన దగ్గరికి వెళ్లాను. వాన రోజులు, ఆయన చుట్టూ గొడుగుల కుప్ప. ఎదురుగా పీట వేశాడు. నీ సంగతంతా చెప్పాను, యంత్రం, గొయ్యి, ఎరువు లేకపోవడం. చేతిలో ఊచ వంచుతూనే విన్నాడు. చివర్లో, ‘ఆవిడకి తెలుసా?’ అన్నాడు. తెలియదన్నాను. ‘తెలియకుండానే పోయిందా. పోనీ’ అన్నాడు. నీ మీద కోపంగా ఒక్క మాట అనలేదు.

అక్కడితో లేచి వచ్చేయొచ్చు. ఆయన టీ కూడా తెప్పిస్తానన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. నీ అబద్ధం చెప్పడం తేలికగానే అయిపోయింది. నా సంగతి చెప్పాల్సి వచ్చేసరికి నాలుక మడత పడింది. ఆసుపత్రి వరండాలో ఆయన తొడుగుల సంగతి అడిగితే ‘ఇస్తారు’ అని ఊరుకున్నానే, అది నేనాడిన అబద్ధం కాదా? నువ్వు తొమ్మిది నెలలు ఎలా దాచావో ఆ పీట మీద కూర్చుని అర్థం చేసుకున్నాను. అర్థమైందంటే సరిపెట్టుకున్నానని కాదు.

చెప్పాను. తొడుగులు తీయమన్నది నేను. సంచులు విప్పమన్నది నేను. మా తమ్ముడు వద్దని రాస్తే ఆ ఉత్తరం ఎవరికీ చదవకుండా దాచింది కూడా నేనే.

ఆయన ఊచ కింద పెట్టాడు. టీ ఊసెత్తలేదు. గొడుగులన్నీ ఒక్కొక్కటే మడిచి లోపల పెట్టాడు. తలుపు వేశాడు. నేను వానలో బయట నిలబడ్డాను, ఆయన నా పక్కనుంచే నడిచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి నేను గేటు దాటేటప్పుడల్లా తల వంచి పని చేసుకుంటాడు. ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నీ ఉత్తరం అందాక మేనేజరు మీ యార్డుకి పచ్చ లోడు పంపడం మానేశాడు. వెనక గోడ పక్కన రెండు గోతులు తవ్వించి ఇక్కడే ఎరువు చెయ్యమన్నాడు. మాకేం తెలుసు? మొదటి గొయ్యి కుళ్లిపోయి మైదానమంతా ముక్కు మూసుకుంది. రెండోదాంట్లో ఎండుటాకులు కలిపి వారానికోసారి పారతో తిరగేస్తున్నాం. అవుతుందో లేదో తెలియదు. తొడుగులు ఎవరూ తియ్యడం లేదు. చెంచాలు పడుతున్నాయి, పడనీ. ఈ ఎరువు ఆయనకి ఇద్దామని ఒకసారి అనిపించింది. వద్దనుకున్నాను. ఆవిడ ఏరింది కాదు కదా. ఇంకో సంచి పెట్టి ఆ చోటు నింపలేం.

నీ మీద కోపం పోలేదు. అది నా ఒంట్లో అలాగే ఉంది. కానీ నువ్వు గేటు దగ్గర రోజంతా ఒక్కడివే కూర్చుంటున్నావని చదివినప్పటినుంచి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. రెండూ నిజమే. ఏం చెయ్యను?

వచ్చే ఆదివారం మైదానంలో ఏమీ లేదు. పొద్దున బస్సుకి రా. మరదలికి మోకాలు బాగుంటే తనూ రావచ్చు, ఇంట్లో ఉంటుంది. మనిద్దరం గొడుగులాయన దుకాణానికి వెళ్దాం. ఆయన తలెత్తుతాడని నేను మాటివ్వను. తలుపు వేసుకున్నా వేసుకుంటాడు. వేసుకుంటే బయటే నిలబడదాం. తీస్తే ముందు నేను కాదు, నువ్వు మాట్లాడు. ఆ రెండు చెంచాల మాట నీ నోటితో చెప్పు. రాసి కాదు.

తిరిగొచ్చాక ఇంట్లో అన్నం తిందాం.

అక్క